ఎదురొచ్చిన కార్డు

డబ్బా మూత తీస్తే ముందుగా తంబాకు వాసన వస్తుంది. లోపల తంబాకు లేదు. అరిగిపోయిన అట్టముక్కలు, గుప్పెడు గవ్వలు, ఎర్రదారం, నీలందారం చుట్టిన పాత కండెలు ఉన్నాయి. తంబాకు ఖాళీ చేసి ఎన్నో ఏళ్లయినా ఆ రేకు వాసనను వదల్లేదు. నిన్న పొద్దున సోలాపూర్ పక్కన కుంభారిలోని మా ఇంట్లో, మా అమ్మ కోసం ఆ డబ్బా తీశాను. వాసన ముక్కుకు తగలగానే భవాని పేట్‌లోని ఆ ఇరుకు గది కళ్ల ముందుకొచ్చింది. రెండు స్టూళ్ల మీద అడ్డంగా పరిచిన పాత తలుపు, దాని మీదికి వంగి, కళ్లజోడు ముక్కు చివరికి జారినా పట్టించుకోకుండా నా ఫౌజును ముట్టడిస్తున్న మా బాయి కనిపించారు.

సోలాపూర్ బడుల్లో టీచరమ్మను బాయి అంటారు. మా బాయి పేరు కమలాబాయి. తెలుగు మీడియం బడిలో చరిత్ర చెప్పేవారు. మా ఇంటికి ఎదురిల్లు ఆమెది. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయారట, అది నేను పుట్టకముందు సంగతి. పిల్లల్లేరు. ఒంటరి మనిషి కదా అని జాలిపడదామంటే ఆమె ఆ అవకాశం ఇచ్చే రకం కాదు. మాటకు మాట అప్పజెప్పేవారు, టీ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవారు, ఆటలో ఓడిపోతే గవ్వలను తిట్టేవారు. చరిత్ర పుస్తకం మీద కూడా ఆమెకు భలే కోపం. అందులో ఎంత పెద్ద యుద్ధమైనా రెండు లైన్లలో అయిపోతుంది, ఫలానా రాజు గెలిచెను, ఫలానా రాజు ఓడెను అని. "ఓడినోడు ఆ పొద్దున ఓడుతనని లేచిండా? మనకు ఎరుక, ఆయనకు ఎరుక లేదు. ఆ ఎరుక లేకుండ యుద్ధం ఎట్లుంటదో మీరు సూడాలె" అనేవారు. అది చూపించడానికే ఆదివారాలు తన ఇంట్లో ఆట పెట్టారు.

ఆ పాత తలుపే మా యుద్ధభూమి. దాని మీద వెలిసిపోయిన సోలాపూర్ చద్దర్ పరిచి, కింద తువ్వాళ్లు మడతపెట్టి తోస్తే గుట్టలయ్యేవి. నీలందారం వంకరగా పరిస్తే నది. ఇటుక ముక్క కోట. మరమగ్గాల దగ్గర పారేసిన విరిగిన కండెలు తెచ్చి, ఎర్రదారం చుట్టినవి ఒక ఫౌజు, నీలందారం చుట్టినవి ఇంకో ఫౌజు అనుకునేవాళ్లం. ఎవరి దళం ఎక్కడుందో ఎదుటివాళ్లకు తెలియకుండా కొన్నిటి మీద స్టీలు గ్లాసులు బోర్లించేవాళ్లం. రెండు ఫౌజులు ఎదురుపడితే గవ్వలు వేసి తేల్చుకోవాలి. ఇంతవరకు పిల్లలెవరైనా ఆడగలిగేదే. బాయి ఆటకు ప్రాణం పోసినవి కార్డులు. నూలు పెట్టెల అట్టలు కత్తిరించి వాటి మీద తన గుండ్రటి అక్షరాలతో రాసేవారు. వంతు వచ్చిన ప్రతిసారీ కదిలే ముందు ఒక కార్డు తీయాలి. వాన పడింది. ఏనుగు బెదిరింది. వార్త తెచ్చే గుర్రం కుంటుతోంది. ఏం వస్తుందో ఆ కార్డు రాసిన బాయికి కూడా తెలియదు.

నాకు మొదట్లో ఆ కార్డులంటే మంట. నేను పద్ధతిగా ఆలోచించే పిల్లను, రాత్రంతా పథకం వేసుకుని వచ్చేదాన్ని. ఒక ఆదివారం ఫిరంగులన్నీ నది ఒడ్డున పెట్టి, కోట ఇక నాదే అనుకుంటున్నప్పుడు వాన కార్డు పడింది. మందు తడిసింది, ఫిరంగులు పేలలేదు, బాయి నీలం ఫౌజు గుట్ట దిగి వచ్చి నా దళాలను ఊడ్చేసింది. ఇది అన్యాయం, నేనేం తప్పు చేశానని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఓడిన పిల్లను ఓదార్చే అలవాటు బాయికి లేదు. గెలిచినందుకు ఇంకో కప్పు టీ పెట్టుకుని వచ్చి కూర్చున్నారు.

"వాన నీ మీద కోపంతోని పడలే సునందా. ఎప్పుడు పడుతదో ఎరుక లేదు గని, కార్డులల్ల వానున్నదని నీకు ఎరుకే గదా? మరి అన్నీ తీస్కపోయి నది ఒడ్డుకే ఎందుకు పెట్టినవ్? ఒక్క దళాన్ని ఎనక ఉంచుకుంటే ఏం పోయేది?"

ఆ తర్వాత నేను ఏ ఆటలోనూ అన్ని దళాలనూ ముందుకు పంపలేదు. ఇప్పుడు అక్కల్‌కోట్ రోడ్డు మీద ఒక టవల్ కార్ఖానాలో ఆర్డర్ల ప్లానింగ్ చూస్తుంటాను. కరెంటు పోతుంది, రంగు తేడా వస్తుంది, పనివాళ్లు పెళ్లిళ్లకు పోతారు. ఏ రోజు ఏది జరుగుతుందో తెలియదు కానీ ఏదో ఒకటి జరుగుతుందని మాత్రం తెలుసు. అందుకే రెండు మగ్గాలు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. మా సేట్ అవి ఎందుకు ఖాళీ అని సణుగుతూనే ఉంటాడు.

బాయి తన కార్డుల విషయంలో కూడా అంతే ఖచ్చితంగా ఉండేవారు. ఒకసారి మహమ్మారి కార్డు రాశారు, అది పడితే సగం ఫౌజు పోతుంది. మా తరగతివాడు అంబాదాస్‌కు అది పడింది. వాడు పక్క సందులో ఉండేవాడు, ఆదివారం ఆటకు నాకన్నా ముందే వచ్చి కూర్చునేవాడు. వాడు మారుమాట లేకుండా సగం కండెలు తీసి పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. బాయి వాడి మొహం కాసేపు చూసి, ఆ కార్డును ముక్కలుగా చింపేశారు. "కార్డు పడ్డంక ఆడేటోనికి ఏదన్న పనుండాలె. ఆగాల్నా, తొవ్వ మార్చాల్నా, తెగించి పోవాల్నా అని తల గోక్కోవాలె. పని లేకుంటే అది ఆట కాదు, శిక్ష" అన్నారు. ఆటలు తయారుచేసేవాళ్లు పెద్దపెద్ద మాటల్లో చెప్పే సూత్రం ఇదేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం అంబాదాస్ సగం ఫౌజు తిరిగొచ్చిందని నేను కుళ్లుకున్నాను.

కొన్నాళ్లకు వాన, ఏనుగు, గుర్రం పాతబడ్డాయి. అప్పుడు బాయికి శకునాల ఆలోచన వచ్చింది. పాతకాలం ఫౌజులు శకునం చూడకుండా కదిలేవి కావని, ఆ సంగతి పుస్తకంలో రాయరని అన్నారు. శకునం కార్డుకు వేరే పద్ధతి పెట్టారు. వాన పడితే మందు నిజంగా తడుస్తుంది. పిల్లి ఎదురైతే మందు తడవదు, కత్తి విరగదు, కానీ సిపాయిలు జంకుతారు. అప్పుడు సేనాపతికి మూడు దారులు. ఆ వంతుకు ఆగిపోవచ్చు. గవ్వలు వేసి తెగించవచ్చు, తప్పు పడితే దళం చెల్లాచెదురవుతుంది. లేదా సిపాయిల ముందు నిలబడి మాట్లాడి వాళ్ల జంకు తీర్చవచ్చు. ఆ మాట ఎదుటి ఆటగాడు కూడా ఒప్పుకునేలా ఉంటే గవ్వలతో పని లేదు.

బడిలో నేను నోరు తెరిచే పిల్లను కాదు. పేరు అడిగినా తల దించుకునేదాన్ని. మొదటిసారి నాకు పిల్లి కార్డు పడినప్పుడు ఆగుదామా అంటే గెలుపు పోతుంది, గవ్వలు వేద్దామా అంటే భయం. లేచి నిలబడి, నా ఎర్ర కండెల వైపు చూస్తూ మొదలుపెట్టాను.

"పిల్లి ఎటు నుంచి అచ్చింది? నీలం ఫౌజు దిక్కు నుంచి అచ్చింది. ఎందుకు ఉరికొచ్చింది? ఆడ ఉండలేక ఉరికొచ్చింది. వాళ్ల వంటింట్ల తిండి అయిపోయింది, ఎలుకలు సుత పారిపోయినయ్. ఆకలితోని ఉన్న ఫౌజును సూసి మనం భయపడుడు ఏంది? పాండ్రి!"

బాయి నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "ఒప్పుకున్న తల్లీ. నా ఫౌజుకు నిజంగనే ఆకలైతున్నది, నడువు" అన్నారు. ఆ రోజు కోట నాదైంది. అంతకన్నా పెద్ద విషయం, నా గొంతు నాకు మొదటిసారి వినిపించింది. మరుసటి వారం తరగతిలో నాకై నేను చేయి ఎత్తాను. ఈ రోజు కార్ఖానాలో యాభైమంది ముందు నిలబడి నేను మాట్లాడగలుగుతున్నానంటే ఆ పిల్లి పుణ్యమే.

శకునాల కార్డులు తక్కువున్నాయని బాయి మాకు ఒక పని అప్పజెప్పారు. "మీ ఇండ్లల్ల ఏమేం నమ్ముతరో అడిగి రాసుకొని రాండ్రి." నేను అమ్మను అడిగాను. అమ్మ చాటలో తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు ఆపకుండానే చెప్పుకుపోయింది. బల్లి మీద పడితే, మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఎవరన్నా తుమ్మితే, ఉత్త బిందె ఎదురొస్తే. ఆ ఊపులోనే "మొగుడు సచ్చిన..." అని ఆగిపోయింది. వాకిలి బయటికి, ఎదురింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "అది రాయకు. బాయి బాధపడుతది." నేను రాయలేదు.

అమ్మ ఎందుకు ఆగిందో మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొద్దున షిఫ్టుకు మగవాళ్లు బయల్దేరే వేళకు బాయి ఇంటి తలుపు మూసి ఉండేది. అందరూ వెళ్లాక, వెనక సందులోంచి చుట్టు తిరిగి బడికి పోయేవారు. ఎవరూ ఆమెను అలా చేయమని నోటితో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. పరీక్షల రోజుల్లో మరీ ఘోరం. ఏడాదంతా తను చదువు చెప్పిన పిల్లలు పరీక్షకు బయల్దేరుతుంటే, బాయి లోపల గడియ పెట్టుకుని కూర్చునేవారు.

ఆదివారం వచ్చింది. ఒక్కొక్కరం మేం రాసుకొచ్చినవి చదువుతున్నాం. అంబాదాస్ వంతు వచ్చింది. వాడు వాళ్ల నానమ్మ చెప్పినవన్నీ వరసగా రాసుకొచ్చాడు, అదే వరసలో గడగడా చదివేశాడు. "బల్లి తల మీద పడ్డది, ఫౌజు ఆగాలె. ఉత్త బిందె ఎదురొచ్చింది, ఫౌజు ఆగాలె. మొగుడు సచ్చిన ఆడమనిషి ఎదురొచ్చింది, ఫౌజు ఆగాలె." చదివాక తల ఎత్తాడు. ఎవరి ముందు చదివాడో అప్పుడు గానీ వాడికి తట్టలేదు. వాడి మొహం పాలిపోయింది.

"చింపేస్త బాయి" అన్నాడు ఏడుపు గొంతుతో.

బాయి చేయి చాపి ఆ అట్టముక్క తీసుకున్నారు. "ఎందుకు చింపుడు? నువ్వు రాసింది బరాబరే. మన వాడల నమ్ముతరు. చింపితే వాడల నుంచి పోతదా?"

కార్డును తలుపు మీద పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. నాకు అంబాదాస్‌ను కొట్టాలన్నంత కోపం వచ్చింది. అంతలో ఆమె వేలు చద్దర్ మీద గీసి ఉన్న బాట వెంట మెల్లగా కదిలింది. గుట్టల పక్క నుంచి, నది దాటి, కోట దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"అంబాదాస్, నీ ఫౌజు ఎటు పోతున్నది?"

"కోట దిక్కు బాయి."

"ఆమె ఎదురొచ్చింది గదా, ఎటు నుంచి అస్తున్నది?"

"కోట దిక్కు నుంచే."

"మరి కోట కాడ గ్లాసుల కింద ఏమున్నదో ఈ తొవ్వల ఎవరికి ఎరుక?"

వాడు నోరు తెరిచి, మెల్లగా అన్నాడు. "ఆమెకే ఎరుక."

"అగో. ముందట ఏమున్నదో సూసొచ్చిన మనిషి దొరికితే, మొగం తిప్పుకొని ఆగుతరా? అడగాలె గదా!"

కలం తీసుకుని, వాడి రాత కింద తన గుండ్రటి అక్షరాలతో రాశారు. "ఫౌజు ఆగాలె. లేకపోతే ఆమెను అడగాలె, ముందట ఏమున్నదని. అడిగితే ఎదుటోడు ఒక గ్లాసు ఎత్తి సూపియ్యాలె." రాసి, కార్డును మిగతావాటిలో కలిపేసి, టీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్లారు. ఆ రోజు టీకి చాలా ఆలస్యమైంది. నేను, అంబాదాస్ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కండెల దారాలు సరిచేస్తూ కూర్చున్నాం. ఆమె తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, నోట్లో మాత్రం ఎప్పటి వెటకారమే. "ఏంది, నా గ్లాసులు ఎత్తి సూసిన్రా ఏంది, దొంగలు?"

ఆ తర్వాత మా ఆటలో ఆ కార్డుకున్న గిరాకీ ఇంకే కార్డుకూ లేదు. అది పడాలని మొక్కుకుని మరీ తీసేవాళ్లం. శత్రువు దాచినదాన్ని చూపించే కార్డు ఇంకోటి లేదు మరి. నేను ఎన్నో ఆటలు చూశాను, మా అమ్మాయి కోసం కొన్ని తయారుచేశాను కూడా. అంత గాయపరిచే మాటను పారేయకుండా, అబద్ధం చేయకుండా, దానిలోంచే ఒక దారి తీసిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

ఇంటికొచ్చి జరిగింది అమ్మకు చెప్పాను. తునికాకు కత్తిరిస్తున్న కత్తెర ఆగింది. తర్వాతి ఆదివారం నేను బయల్దేరుతుంటే, తన తంబాకు డబ్బా ఖాళీ చేసి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "బాయికి ఇయ్యి. వానకాలం అట్టలు మెత్తవడుతయ్, దీంట్ల పెట్టుకొమ్మను." నువ్వే ఇవ్వొచ్చు కదా అంటే, "నాకు పనున్నది, పో" అని కసిరింది. బాయి డబ్బా వాసన చూసి, "మీ అమ్మ పంపిందా?" అని ఒక్కమాటే అడిగి, కార్డులన్నీ అందులోకి మార్చారు.

పదో తరగతి పరీక్ష మొదటి రోజు. అమ్మ పెరుగులో చక్కెర కలిపి గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఎదురింటి తలుపు మూసి ఉంది. ఆ మూసిన తలుపు చూస్తే నాకు పరీక్ష భయం కన్నా పెద్ద బాధ ఏదో వచ్చింది. పరీక్ష అట్ట పట్టుకుని సందు దాటి వెళ్లి తలుపు కొట్టాను. వెనక నుంచి అమ్మ "సునందా!" అంది.

లోపల నుంచి బాయి గొంతు వినిపించింది. "పొద్దుగాల ఈడికెందుకు అచ్చినవ్? పో, టైమైతది."

"కార్డు పడ్డది బాయి" అన్నాను. "ఆగాల్నా, అడగాల్నా? నేను అడుగుతున్న. ముందట ఏమున్నది?"

గడియ తీసిన శబ్దం వినిపించింది. తల కూడా దువ్వుకోని బాయి గడపలో నిలబడి, మామూలుగా పాఠం చెప్పే గొంతుతో చెప్పారు. "నేను ఎన్నేండ్ల సంది పేపర్లు దిద్దుతున్ననో నీకు ఎరుకే. దిద్దేటోళ్లు అలిసిపోయి ఉంటరు. అక్షరాలు పెద్దగ రాయి. అచ్చిన జవాబు ముందు రాయి, రానిదాని కాడ కూసొని ఏడ్వకు." అప్పటికి అమ్మ సందు దాటి నా వెనకకు వచ్చింది. పెరుగు గిన్నె బాయి ముందుకు చాపి, "మీ చేతితోని పెట్టుండ్రి బాయి" అంది.

ఆ రోజుతో వాడంతా మారిపోయిందని చెప్పను. మొహం తిప్పుకునేవాళ్లు చివరి దాకా తిప్పుకున్నారు. కానీ పరీక్షల పొద్దున బాయి తలుపు మళ్లీ మూసుకోలేదు. నా తర్వాతి తరగతుల పిల్లలు కూడా వచ్చి, ముందట ఏమున్నది బాయి అని అడిగి పోయేవాళ్లు. పొద్దుటి షిఫ్టు వేళ కూడా ఆమె ముందు సందులోంచే బడికి నడవడం మొదలుపెట్టారు. చనిపోయే ముందు ఆ డబ్బా నాకు పంపారు. గవ్వల మీద మాత్రం చివరిదాకా అనుమానమే, "ఇవి నాకు ఎప్పుడూ సహకరించలే" అన్నారట.

ఇక నిన్నటి సంగతి. మా అమ్మాయి స్నేహ పుణెలో ఇంటర్వ్యూకు బయల్దేరింది. బ్యాగు సర్దుకుని వాకిట్లో నిలబడ్డాక అమ్మ కనిపించలేదు. పోయిన ఏడాది నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది. వెతికితే వంటింటి తలుపు వెనక పీట మీద కూర్చుని ఉంది. "మీరు పోండ్రి. అది పోయినంక నేనొస్త" అంది. బాయి చేతికి పెరుగు గిన్నె అందించిన మనిషే, తన దాకా వచ్చేసరికి తలుపు వెనక దాక్కుంది. నాకు దుఃఖం ఆగలేదు. డబ్బా తీసి, ఆ కార్డు వెతికి స్నేహ చేతిలో పెట్టాను. ఆ ఆట ఆడుతూ పెరిగిన పిల్లకు వేరే చెప్పక్కర్లేదు. పోయి అమ్మమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మమ్మా, కార్డు పడ్డది. ముందట ఏమున్నది?"

అమ్మ ఆ అట్టముక్కను చూసింది. చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది, ఆ వాసన తనదే కదా. "నాకేమెరుకనే? నేను పుణె పోలే, ఇంటర్వ్యూ ఎరుగ" అంది ముందు. తర్వాత మెల్లగా చెప్పసాగింది. "బీడీలు ఇయ్యవోతే మంచియి ఏరి ఛాటేటోడు ఉంటుండె. నేను చుట్టినయి గంపల ఏసుకొని, ఇది మంచిగలేదు, అది మంచిగలేదని పక్కకు ఇసిరేస్తుండె. నా మొగం ఎన్నడు సూడలే. నేను సుత తల దించుకొనే ఉంటుంటి. వీళ్లు కూడ నీ మొగం సూడకుంటే సూడకపోని. నువ్వు మాత్రం సూడు. కండ్లల్లకు సూసి మాట్లాడు."

స్నేహ అమ్మమ్మ చేయి పట్టుకుని లేపింది. ఇద్దరూ కలిసి వాకిట్లోకి వచ్చారు. అమ్మ మెట్లు దిగి, బస్సు ఆగే మూల దాకా స్నేహ పక్కనే నడిచింది. ఎదురొచ్చేవాళ్లు ఎవరు ఏమనుకుంటారో అని చూసుకున్నట్టు లేదు.

నేను కార్డును డబ్బాలో పెట్టి మూత వేశాను. ఏ పనికి బయల్దేరినా ఎవరైనా ఎదురొస్తే నేను ఇప్పటికీ ఆగుతాను. ఆగి, ముందు ఏముందని అడుగుతాను.